నాన్నకి మర్యాద వచ్చింది

ఆగండి, ఎక్కడికీ వెళ్ళకండి, కాస్త చెవి ఇటు వేసి వినండి. చిన్న దర్జీ కొట్టు. రెండు మిషన్లు, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల. మిషను ముందు అక్క, బల్ల మీద కాళ్ళు ఊపుకుంటూ తమ్ముడు. వాళ్ళ నాన్న, అంటే కొట్టు మాస్టారు, వెనక గదిలో ఇస్త్రీ చేస్తున్నాడు.

"...అందుకే అంటున్నా, అది రోగం కాదక్కా, మర్యాద. మనింట్లో ఎప్పుడూ చూళ్ళేదు కాబట్టి నీకు రోగంలా కనిపిస్తోంది."

"బల్ల దిగు ముందు. గుడ్డ నలుగుతుంది."

"దిగాను. ఇప్పుడు చెప్పు. పొద్దున నేను రాగానే నాన్న ఏమన్నాడో విన్నావా? 'రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా' అన్నాడు. నన్ను. సొంత కొడుకుని. ముప్పై ఒక్క ఏళ్ళుగా 'ఒరే అరగజం' తప్ప ఇంకో మాట పడని చెవులివి."

"నువ్వేమన్నావు?"

"తాగుతానండీ అన్నాను. ఏమంటాం. మర్యాద అంటువ్యాధి."

"వెటకారం అనుకోలేదా?"

"అనుకోకపోవడమేంటి. పోయిన నెల మొదటిసారి 'దయచేయండి' అన్నాడు. సరే, దీని వెనకాలే తిట్టు వస్తోందని భుజాలు బిగబట్టుకుని నిలబడ్డా. ఐదు నిమిషాలు అలాగే నిలబడ్డా. తిట్టు రాలేదు. టీ వచ్చింది."

"అక్కడే నీకు అనుమానం రావాల్సింది."

"టీ మీదా?"

"తిట్టు రాకపోవడం మీద. ఒరే, నాన్న తిట్టు కోసం తడుముకున్న రోజు ఒక్కటి చెప్పు. ఒక్కటి."

"లేదు. నా పెళ్ళిలో వీడియో తీసేవాణ్ణి తిట్టిన తిట్టు వాడు ఎడిట్ చేయలేక అలాగే ఉంచేశాడు."

"కదా. గుమ్మంలో మనిషి కాలు పెట్టగానే నాన్న పేరు పెట్టేసేవాడు. ఆ పేరులోనే కొలతుండేది. పీపా అంటే నడుము నలభై రెండు. కొంగ అంటే కాళ్ళు పొడుగు, పైన ఏమీ లేదు. అరగజం అంటే..."

"నా కొలత నాకు తెలుసు, చెప్పక్కర్లేదు."

"ఆ పేరే చీటీ మీద రాసి గుడ్డకి గుచ్చేవాడు. అసలు పేర్లు మనకెప్పుడూ తెలీవు, అవసరమూ రాలేదు. ఇప్పుడీ డబ్బా తెరువు. ఈ రెండు నెలల చీటీలు. చదువు."

"'వారు'. 'వారు'. 'మొన్న వచ్చినవారు'. 'వారి తమ్ముడుగారు'. మళ్ళీ 'వారు'. ఇదేంటిది, 'మంచి మనిషి'?"

"ముప్పై ఏడు జతల బట్టలు. అందరూ వారే."

"ఇంతకీ మంచి మనిషి ఎవరు?"

"తెలీదు. ఇద్దరొచ్చి నాదంటే నాదని కొట్టుకున్నారు."

"నవ్వించకు. సీరియస్‌గా చెప్పు."

"సీరియస్‌గానే చెప్తున్నా కదరా. నేనే, ఫోనులో పీపా, కొంగ అని దాచుకున్న నంబర్లన్నిటికీ చేసి, మీ గుడ్డ ఏ రంగు, గళ్ళా చారలా అని అడిగి, పాత పేర్లతో కొత్త చీటీలు రాసి గుచ్చుతున్నా. నాన్న ఇస్త్రీకి లోపలికెళ్ళినప్పుడు."

"రెండు నెలల్నుంచి?"

"రెండు నెలల పది రోజులు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేవాడివి?"

"ఏమంటాను. పెద్దవాడయ్యాడు, కాస్త మర్చిపోతాడు, దానికేంటి అనేవాణ్ణి. ఇప్పుడూ అదే అంటున్నా. నేను మర్చిపోనా? మొన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ నా ఫోను ఏదని ఇల్లంతా వెతికాను."

"అది నువ్వు పుట్టినప్పట్నుంచీ అంతే. నీలో మార్పేమైనా వస్తే చెప్పు, సంతోషిస్తాం."

"ఆహా."

"నిజంరా. నాన్న సుద్దముక్క చెవి మీద పెట్టుకుని కొట్టంతా వెతుకుతాడు చూడు, దానికి నేను బెంగపడను. అది మరుపు కాదు, వ్యాయామం. నలభై ఏళ్ళుగా చేస్తున్నాడు. నేను చెప్పేది కొత్తవాటి గురించి."

"కొత్తవేంటి?"

"మొన్న చొక్కాకి రెండువైపులా కాజాలు కుట్టాడు. గుండీలకి చోటే లేదు."

"కొత్త ఫ్యాషనేమో."

"కస్టమరూ అదే అన్నాడు. ఇంకోటి కుట్టమన్నాడు."

"చూశావా. నష్టమేముంది?"

"సరే, ఇది విను. పోయిన మంగళవారం పీపా వచ్చాడు, ప్యాంటు కొలతలకి. నాన్న టేపు తిరగేసి పట్టాడు. అరవై ఉన్న కొసని బొడ్డు దగ్గర పెట్టి అట్నుంచి చుట్టాడు. ఎంతొస్తుంది చెప్పు."

"లెక్కలొస్తే నేను లిఫ్టులెందుకు బాగుచేస్తాను?"

"పద్దెనిమిది. నలభై రెండు నడుముకి పద్దెనిమిది అని రాశాడు. పద్దెనిమిదంటే ఆయన మెడరా."

"పీపా ఏమన్నాడు?"

"ఏమంటాడు, చీటీ చూసి మురిసిపోయాడు. 'మాస్టారూ, నడక మొదలెట్టాక తగ్గానంటే మా ఇంట్లో నమ్మట్లేదండీ' అన్నాడు. నాన్న కూడా 'బాగా తగ్గారండీ' అన్నాడు. ఎదురుగా అంత పొట్ట పెట్టుకుని."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఆ కొలతకే కత్తిరించేశాడు. ప్యాంటులో ఒక కాలు పీపా చేతికి పట్టేలా ఉంది. అదే గుడ్డ కోసం నాలుగు కొట్లు తిరిగి తెచ్చి, మళ్ళీ నేను కుట్టి పెట్టా."

"నాన్న కళ్ళతోనే కొలిచేవాడు కదక్కా. టేపు ఊరికే, కస్టమరు తృప్తి కోసం. నా చిన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి పందేలు కట్టేవాళ్ళం. అటువైపు ఫుట్‌పాత్ మీద పోయేవాణ్ణి చూసి 'ముప్పై నాలుగు' అనేవాడు. ఒకసారి నేను పరిగెత్తి వెళ్ళి ఒకాయన నడుము కొలిచొచ్చా. ముప్పై నాలుగే."

"ఆయన నిన్ను కొట్టాడు కూడా."

"కొట్టాడు. కానీ ముప్పై నాలుగే."

"ఇంకోటుంది. కొట్టు నుంచి ఇంటికి నాలుగు సందులు. పది నిమిషాలు. పోయిన వారం గంటన్నర పట్టింది. ఎక్కడికెళ్ళావు నాన్నా అంటే 'ఊరు చూసొచ్చాను' అన్నాడు."

"నలభై ఏళ్ళుగా ఉంటున్న ఊరా?"

"బాగానే ఉందట. బాగా పెరిగిందట."

"నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు నాకు."

"నవ్వు. ఏడుపు నేను నెల క్రితమే కానిచ్చేశా."

"పాత లిఫ్టులు ఇలాగే చేస్తాయక్కా. మోటారు గుర్రంలా ఉంటుంది, తాళ్ళు గట్టిగా ఉంటాయి. ముందు లోపలి అంకె పోతుంది. నాలుగు అని చూపిస్తుంది, తలుపు రెండులో తెరుచుకుంటుంది. ఎక్కినవాళ్ళు ఎవరింటి గంటో కొట్టేసి సారీ చెప్పి వస్తుంటారు."

"దానికి నువ్వేం చేస్తావు?"

"మాకు కొత్త బోర్డు దొరుకుతుంది. అమ్మకి తెలుసా?"

"అమ్మకా. అమ్మ అద్దం ముందు నుంచి కదలట్లేదు. నలభై ఏళ్ళు 'ఒసే కత్తెరా' అన్న మనిషి, నిన్న 'మీరు తిన్నారా' అన్నాడట. ఇవాళ 'మీరు ఈ రంగులో బాగుంటారు' అన్నాడట. వీధి వీధంతా చెప్పొచ్చింది, మా ఆయనకి ఇప్పటికి బుద్ధొచ్చిందని. ఇప్పుడు నేను వెళ్ళి, అమ్మా, అది బుద్ధి రావడం కాదే, పోవడం అని చెప్పనా?"

"వద్దు. వద్దొద్దు. అమ్మ నిన్ను చంపేస్తుంది. తర్వాత ఏడుస్తుంది."

"ముందు ఏడుస్తుంది. తర్వాత చంపుతుంది."

"మరి నిన్ను? నిన్ను కూడా మీరు అంటున్నాడా?"

"నన్నా? లేదు. నేనింకా గుండుసూదినే. పొద్దున కూడా 'ఒసే గుండుసూదీ, ఆ దారం కండె ఇటు పడెయ్, నిద్రపోతున్నావా మిషను మీద' అన్నాడు. ఎంత హాయిగా ఉందో."

"అంటే నిన్నొక్కదాన్నే తిడుతున్నాడు."

"నన్నొక్కదాన్నే."

"కుళ్ళుగా ఉందక్కా. నిజంగా. తిట్టించుకోవాలని ఇంత కోరిగ్గా ఎప్పుడూ లేదు."

"నన్ను కూడా అండీ అన్న రోజు కొట్టు తాళం వేసేస్తా. అప్పటిదాకా కుడుతూనే ఉంటా. సరే, విను. నరాల డాక్టరు దగ్గర ఇవాళ నాలుగింటికి టైము తీసుకున్నా. నువ్వు బండి తేవాలి. అందుకే పిలిచా."

"ఇవాళా? నాన్నకి చెప్పావా?"

"చెప్తే వస్తాడా? పంటి డాక్టరంటేనే రాలేదు. పన్నుకి దారం కట్టి, రెండో కొస మిషను చక్రానికి తగిలించి, నన్ను తొక్కమన్నాడు."

"తొక్కావా?"

"తొక్కాను. వచ్చింది. పక్క పన్ను."

"ఉండు, ఉండు. నా దగ్గర ఒక ఉపాయం ఉంది. డాక్టరుగారికి తెల్లకోటు కావాలట, కొలతలకి రమ్మన్నారని చెప్దాం. పనంటే నాన్న ఎక్కడికైనా వస్తాడు. టేపు మెడలో వేసుకుని మరీ వస్తాడు."

"ఛీ. నాన్నతో అబద్ధమా?"

"రెండు నెలల పది రోజులుగా చీటీలు మారుస్తున్నావు. దాన్నేమంటారు?"

"...ఆల్టరేషన్ అంటారు."

"ఇదీ అంతే. కాస్త పొడవు తగ్గిస్తున్నాం."

"ఒరే, డాక్టరు ఇంక కత్తెర పట్టుకోవద్దంటే?"

"అనడు."

"అంటే?"

"అంటే... అప్పుడు చూద్దాం."

"కత్తెర లేకుండా నాన్న చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో నాకు తెలీదురా. ఎప్పుడూ చూళ్ళేదు."

"ష్. వస్తున్నాడు."

"ఎవరో మాట్లాడుతున్నారే అనుకున్నా. ఓ, మీరా. ఎప్పుడొచ్చారు?"

"పొద్దునే వచ్చాను నాన్నా. మంచినీళ్ళు కూడా ఇచ్చావు."

"తాగారా?"

"తాగానండీ. అదే, తాగాను నాన్నా."

"ఒసే గుండుసూదీ, ఆయన్ని నిలబెట్టి కబుర్లు చెప్తావేం? కుర్చీ వెయ్యి."

"నాన్నా, వీడు అరగజం."

"తెలుసు. తెలియకేం. కుర్చీ వెయ్యమంటే పురాణం చెప్తావు."

"నాన్నా, ఒక మాట. ఒక డాక్టరుగారికి తెల్లకోటు కావాలట. మన కుట్టు గురించి ఎవరో చెప్పారట. కొలతలకి నిన్నే రమ్మన్నారు. ఇవాళ నాలుగింటికి."

"డాక్టరుకా."

"అవును నాన్నా."

"ఏ డాక్టరు?"

"పెద్ద డాక్టరు."

"పెద్దంటే, నడుమెంత?"

"నువ్వే చూసి చెప్పాలి నాన్నా. అందుకేగా రమ్మంది."

"ఆయనే రాకూడదా?"

"తీరిక లేదట. రోజంతా జనమట."

"కోట్లు ఎన్నట?"

"ఒకటి నాన్నా."

"రెండు నాన్నా."

"ఒకటిన్నర కుట్టనా మరి?"

"రెండే నాన్నా. అక్కకి సరిగ్గా తెలీదు. ఫోను నాకు చేశారు."

"అలాగేనండి. పెద్దమనుషులు పిలిచాక వెళ్ళకపోతే బాగోదు. ఒసే, టేపేదే?"

"నీ మెడలోనే ఉంది నాన్నా."

"మెడలో ఉందని నాకు తెలీదా? నప్పిందా అని అడుగుతున్నా. ఉండండి, చొక్కా మార్చుకొస్తా."

"...చూశావా అక్కా. ఎంత సులువుగా నమ్మేశాడో."

"చాలా సులువుగా."

"అదీ లక్షణమేనా?"

"నాకేం తెలుసు. నువ్వెళ్ళి బండి తీసుకురా. సందు చివర పెట్టకు, గుమ్మం ముందుకే తే. నేను తలుపులు దగ్గరికి వేసి నిలబడతా, ఎవరైనా వస్తే ఇవాళ కొట్టు లేదని చెప్పడానికి."

"కళ్ళు తుడుచుకో ముందు. కస్టమర్లు భయపడతారు."

"వెళ్ళరా, అరగజం."

తమ్ముడు వెళ్ళాడు. అక్క మిషను దగ్గర నుంచి లేచి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, బల్లకి ఇవతల, కస్టమర్లు నిలబడే చోటికి వచ్చింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టేపు మెడలోనే ఉంచుకుని బయటికొచ్చాడు.

"అయ్యయ్యో, నిలబడే ఉన్నారా? రండి, కూర్చోండి. కొలతలకి వచ్చారా? ఇవాళ తీసుకోనండి, ఏమీ అనుకోకండి. బయటికెళ్తున్నా. ఎల్లుండి రండి, దగ్గరుండి తీస్తా. మా అమ్మాయి ఉంటుంది ఎప్పుడూ ఆ మిషను మీద. ఎటెళ్ళిందో."

"ఎక్కడికి... ఎక్కడికెళ్తున్నారండీ?"

"డాక్టరు దగ్గరికి. తెల్లకోటు కొలతలకట. మా పిల్లలు చెప్పారు."

"మంచిదేగా అండీ."

"మంచిదే. మీరు ఎప్పుడైనా కోటు కుట్టించుకున్న డాక్టర్ని చూశారా? డజన్ల లెక్కన రెడీమేడు కొని తగిలించుకుంటారు. భుజాలు మోచేతుల దాకా జారుతుంటాయి. నలభై ఏళ్ళ దర్జీకి తెల్లకోటు అబద్ధం చెప్తారా ఎవరైనా? లాయరు, నల్లకోటు అన్నా కాస్త ఆలోచించేవాణ్ణి."

"మరి నమ్మినట్టు ఎందుకు ఊరుకున్నారు?"

"పాపం, ఒకరు ఒకటంటారు, ఒకరు రెండంటారు. అతుకులు పైకి కనిపిస్తున్నాయి. పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది. ఎందుకు బాధపెట్టడం?"

"డాక్టరు దేనికండీ? మీకేమైంది?"

"ఏముందండీ. ఈమధ్య మనుషులు మొహాలతో వస్తున్నారు, పేర్లు ఇంట్లో పెట్టొస్తున్నారు. ఒక కిటుకు చెప్తా, ఎవరికీ చెప్పకండి. ఎదుటివాళ్ళెవరో గుర్తురాలేదనుకోండి, చివర్లో అండీ తగిలించెయ్యడమే. అండీ అంటే కోపం తెచ్చుకున్న మనిషి ఈ లోకంలో లేడు. మూడు నెలల్నుంచి ఇలాగే బండి లాగిస్తున్నా. నాకు మర్యాద తెలుసని అందరూ మెచ్చుకుంటున్నారు."

"మీ ఇంట్లో ఆవిణ్ణి కూడానా?"

"ఆవిణ్ణా? ఛ. ఆవిడెవరో నాకు తెలుసండీ. ఆవిణ్ణి మాత్రం తెలిసే 'మీరు' అంటున్నా. ఎలాగూ ఊరందరికీ ఉత్తినే మర్యాద పంచుతున్నా, ఒక్క మనిషికైనా తెలిసి ఇవ్వొద్దూ? ఇంకొన్నాళ్ళు పోతే అది తెలిసి అన్నదో తెలీక అన్నదో నాకే తెలీదు."

"మీ అమ్మాయికైనా చెప్పాల్సింది."

"దానికా? అది గుండుసూదండీ. గుచ్చుతుంది. నేను లోపలికెళ్ళగానే చీటీలన్నీ తీసేసి, నా రాతలాగా రాసి, మళ్ళీ గుచ్చుతుంది. నేను చూడట్లేదనుకుంటుంది. గుడులూ దీర్ఘాలూ ముగ్గేసినట్టు పెడుతుంది. నా జన్మలో అంత అందంగా రాయలేదు నేను."

"తెలిసీ ఏమీ అనలేదా?"

"ఏమంటాం? గుండుసూది పనే అంత కదా. కుట్టు పడేదాకా గుడ్డ కదలకుండా పట్టుకునేది అదే. కుట్టయ్యాక మనమే దాన్ని తీసి ఎక్కడో పడేసి మర్చిపోతాం. నాకు అదొక్కటే భయమండీ. అందరూ పోయినా పర్లేదు, దాన్ని మాత్రం ఎక్కడా పడెయ్యకూడదు. రోజూ పొద్దున కొట్టుకి వస్తూ దారిలో అనుకుంటూ వస్తా, గుండుసూది, గుండుసూది అని. నాలుగు సందులూ. అదేంటండీ, కళ్ళు అలా ఎర్రబడ్డాయి?"

"ఏం లేదండీ. దుమ్ము."

"నూలండీ. కొట్టులో ఎగురుతూనే ఉంటుంది, అలవాటు లేనివాళ్ళకి పడదు. అదిగో, హారను. మావాడే, బండి తెచ్చాడు. ఒక్క మాట చెప్పి వెళ్ళండి. మిమ్మల్ని చూస్తే తెలివైనవాళ్ళలా ఉన్నారు, పైగా మీకూ ఒక నాన్న ఉండే ఉంటాడు. నాకంతా తెలుసని పిల్లలకి చెప్పేసి బండెక్కనా, ఏమీ తెలీనట్టు ఈ టేపు మెడలో వేసుకుని, ఆ డాక్టరు నడుము కొలిచి రానా? మీరైతే ఏం చేస్తారండీ?"